నేరాలు తగ్గిస్తుందని అమ్మే గోడబొమ్మ: కొటేషన్‌లో ఏం ఉండాలి, ఏం కొట్టేయాలి

వీధి గోడ మీద పెద్ద బొమ్మ వేయిస్తే చుట్టుపక్కల చిల్లర దొంగతనాలు, అల్లరి మూకలు, అద్దాలు పగలగొట్టడాలు తగ్గుతాయని చెప్పి చాలామంది కాంట్రాక్టర్లు, కళాసంస్థలు ఒక ప్యాకేజీ అమ్ముతున్నారు. ఈ సమీక్ష ఆ ప్యాకేజీ మీదే, ఏ ఒక్క సంస్థ మీదా కాదు. కొటేషన్‌లో మామూలుగా ఆరు పద్దులుంటాయి: స్థలం చూసి రావడం, వీధివాళ్లతో సమావేశాలు, డిజైన్, గోడ తయారీ, రంగు, పైన రక్షణ పూత. ఏడోది ఉండాలి, ఎక్కువసార్లు ఉండదు. అది కనీసం అయిదేళ్ల నిర్వహణ. అందం కోసం వేయించుకునేవాళ్లు ఆ ఏడోది లేకపోయినా సర్దుకోవచ్చు. నేరం తగ్గాలని వేయించేవాళ్లు కొనాల్సిన అసలు సరుకు మాత్రం అదే, మిగతా ఆరూ దానికి సరంజామా.

2008లో ప్రచురితమైన నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ ప్రయోగాలు చూస్తే ఈ మాట ఎందుకంటున్నామో తెలుస్తుంది. పోస్టు డబ్బా నోట్లోంచి సగం బయటికి వేలాడేలా ఒక కవరు పెట్టారు, లోపల 5 యూరోల నోటు కనబడుతూనే ఉంది. డబ్బా శుభ్రంగా ఉన్నప్పుడు దారినపోయేవాళ్లలో 13 శాతం మంది కవరు కొట్టేశారు. అదే డబ్బా మీద పిచ్చిరాతలు ఉన్నప్పుడు 27 శాతం. డబ్బా మీద రాతలు లేకుండా కింద చెత్త మాత్రమే ఉన్నా 25 శాతం. ఇందులో బొమ్మ ఊసే లేదని గమనించాలి. శుభ్రమైన డబ్బా అందంగా ఉందని కాదు, దాన్ని ఎవరో చూసుకుంటున్నారని అనిపించింది కాబట్టి చేతులు వెనక్కి తగ్గాయి. ఇదే తర్కం తిప్పి చూస్తే, మూడేళ్లకే పెచ్చులూడి, మధ్యలో ఎవడో పేరు గీకిపోయిన గోడబొమ్మ ఖాళీ గోడ కంటే చెడ్డ కబురు చెబుతుంది. ఖాళీ గోడ ఏమీ చెప్పదు. పాడైన బొమ్మ మాత్రం 'మొదలుపెట్టారు, వదిలేశారు' అని చెబుతుంది.

ఈ సేవను అమ్మేవాళ్లు తప్పకుండా ఫిలడెల్ఫియా పేరెత్తుతారు. ఎత్తనివ్వండి, కానీ అక్కడ ఏం జరిగిందో పూర్తిగా తెలుసుకుని వినండి. 1984లో ఆ నగరం గోడరాతలను అరికట్టే కార్యక్రమం పెట్టి, జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణిని పనిలోకి తీసుకుంది. రాతలు రాసే కుర్రాళ్లనే పిలిచి బ్రష్షులు చేతికివ్వడం ఆవిడ పని. తర్వాత అది మ్యూరల్ ఆర్ట్స్ కార్యక్రమంగా మారి వేల బొమ్మలకు చేరింది. జైలు నుంచి బయటికొచ్చిన యువకులకు జీతమిచ్చి పని నేర్పే విభాగం కూడా అందులో ఉంది. అంటే అక్కడ బొమ్మతో పాటు ఉపాధి, గురువు, రోజూ వచ్చి కూర్చునే చోటు కలిసి వచ్చాయి. మన చేతికొచ్చే కొటేషన్‌లో ఆ మూడూ ఉండవు, ఫిలడెల్ఫియా ఫొటోలు మాత్రం ఉంటాయి.

అదే నగరం నుంచి ఇంకో లెక్క ఉంది, దాన్ని కాంట్రాక్టర్లు చెప్పరు. 541 ఖాళీ స్థలాలను తీసుకుని, లాటరీ పద్ధతిలో కొన్నింటిని బాగుచేసి కొన్నింటిని అలాగే వదిలి చూశారు. ఫలితాలు 2018లో వచ్చాయి. చేసిందల్లా చెత్త ఎత్తేయడం, నేల చదును చేయడం, గడ్డి వేయడం, నాలుగు చెట్లు నాటడం, చుట్టూ నడుం ఎత్తు కూడా లేని కొయ్య కంచె వేసి మనుషులు లోపలికి రావడానికి ఖాళీ వదలడం, తర్వాత క్రమం తప్పకుండా గడ్డి కోయించడం. పేదరికం ఎక్కువగా ఉన్న పేటల్లో తుపాకీ హింస 29 శాతం తగ్గింది. ఒక్క బొమ్మ కూడా లేకుండా! కాబట్టి మీ సమస్య గోడ కాక దాని ముందున్న తుప్పల స్థలం అయితే, ముందు డబ్బు అక్కడ పెట్టండి. మిగిలితే గోడ సంగతి చూద్దాం.

దీపాలూ అంతే. న్యూయార్క్‌లో 2016లో ప్రభుత్వ గృహసముదాయాల్లో కొన్నింటిని లాటరీ తీసి ఎంచుకుని ఆరుబయట దీపస్తంభాలు పెట్టారు. రాత్రిపూట బయట జరిగే తీవ్రమైన నేరాలు దాదాపు 36 శాతం తగ్గినట్టు లెక్క తేలింది. గోడబొమ్మల మీద ఇంత గట్టి పరీక్ష ఫలితం చూపించమని అడిగి చూడండి, మాట మారుస్తారు. అందుకే మా సలహా ఒకటే: బొమ్మ కొటేషన్‌లో దీపాల పద్దు లేకపోతే సంతకం పెట్టొద్దు. దీపం కూడా బొమ్మ మీదికే కొట్టేలా పెడితే లాభం లేదు. గోడ వెలిగిపోయి, దాని ముందు నిలబడ్డ మనిషి నీడలా మిగిలిపోతాడు. గోడ ముందు నడిచేవాళ్ల ముఖం కాస్త దూరం నుంచే పోల్చుకోగలిగేలా వెలుగు పక్కల నుంచి, పైనుంచి, ఎక్కడా మరీ చీకటి మడుగులు మిగలకుండా పడాలి. కళ్లలోకి కొట్టే ఫ్లడ్‌లైటు కంటే కాస్త తక్కువ వెలుగున్న రెండు దీపాలు మేలు. 3000 కెల్విన్ చుట్టుపక్కల ఉండే, అంటే కాస్త పసుపు ఛాయ ఉన్న తెల్ల వెలుగిచ్చే ఎల్‌ఈడీ సరిపోతుంది.

డిజైన్ పద్దులో ఈమధ్య ఒక 'స్పెషల్' అమ్ముతున్నారు: పెద్ద పెద్ద కళ్లు. ఎవరో చూస్తున్నట్టు అనిపిస్తే దొంగ జంకుతాడని వాదన. దీనికి నిజంగానే ఒక పరీక్ష ఉంది. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో సైకిళ్లు నిలిపే మూడు చోట్ల గుచ్చిగుచ్చి చూసే కళ్ల బొమ్మతో బోర్డులు పెట్టారు. అక్కడ దొంగతనాలు 62 శాతం తగ్గాయి. బోర్డు లేని మిగతా చోట్ల 65 శాతం పెరిగాయి. అంటే దొంగ మానలేదు, పక్క స్టాండుకు నడిచాడు. ఒకే ఒక్క సైకిల్ స్టాండును కాపాడుకోవాలంటే కళ్లు పనికొస్తాయి. పేట మొత్తానికి ఇది పరిష్కారం కాదు. పైగా పొలంలో దిష్టిబొమ్మకు పిట్టలు అలవాటు పడ్డట్టే మనుషులూ పడతారు. దీని కోసం అదనంగా చెల్లించొద్దు.

ఇక గోడ దగ్గరికి వద్దాం. ప్యాకేజీలో నాణ్యత తేలేది ఇక్కడే, కాంట్రాక్టర్లు రోజులు మిగుల్చుకునేదీ ఇక్కడే. రంగు వేసే ముందు గోడలో చెమ్మ చూడాలి. పద్ధతి సులువు: అడుగున్నర చదరం పారదర్శక ప్లాస్టిక్ షీటు తీసుకుని నాలుగు అంచులూ టేపుతో బిగించి, కనీసం 16 గంటలు వదిలేయాలి. తీసినప్పుడు లోపల నీటి చుక్కలున్నా, గోడ రంగు ముదిరినా చెమ్మ ఉన్నట్టే. నేలకు అడుగు ఎత్తులో ఒకటి, మధ్యలో ఒకటి, పైన ఒకటి అంటించండి. కింది షీటులో మాత్రమే నీరు పట్టిందంటే నేలలోంచి చెమ్మ ఎక్కుతోంది, దాన్ని రంగు కింద వేసే ఏ ప్రైమరూ ఆపదు. ముందు నీటి దారి కనిపెట్టాలి. చాలాసార్లు పగిలిన వాననీటి గొట్టమో, గోడకు ఆనించి పోసిన మట్టో కారణం. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడయితే 28 రోజులు ఆగాలి. ఆగకపోతే సిమెంటులోని క్షారం రంగును కాల్చేస్తుంది, ముఖ్యంగా ఎరుపులు, ఊదాలు మచ్చలు మచ్చలుగా పాలిపోతాయి.

తెల్లగా ఉప్పు తేలిన చోట నీళ్లతో కడగడం పెద్ద పొరపాటు. ఉప్పు కరిగి మళ్లీ లోపలికి పోతుంది, ఎండాక రంగును తోసుకుని బయటికొస్తుంది. గట్టి బ్రష్షుతో పొడిగా దులిపి, ఊడ్చి, వారం చూసి, మళ్లీ తేలితే మళ్లీ దులపాలి. పాత రంగు నిలుస్తుందో లేదో చూడటానికి బ్లేడుతో అడ్డంగా, నిలువుగా గీతలు కోసి, టేపు గట్టిగా అంటించి లాగితే చాలు. గళ్లు టేపుతో వచ్చేస్తే ఆ పాత పొర అంతా గీకేయాల్సిందే. గీకడం పద్దు కొటేషన్‌లో చదరపు అడుగు లెక్కన విడిగా ఉందో లేదో చూడండి. 'గోడ తయారీ, లంసమ్' అని, అంటే అంతా కలిపి ఒకే మొత్తంగా ఉంటే గీకరు.

సరుకు లెక్క మీరే వేసుకోవచ్చు. 60 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు గోడ అంటే 720 చదరపు అడుగులు, అంటే సుమారు 67 చదరపు మీటర్లు. నున్నటి ప్లాస్టరు మీద ప్రైమర్ లీటరుకు 8 చదరపు మీటర్లు వస్తుందనుకుంటే ఒక పొరకు 8.5 లీటర్లు. బొమ్మ రంగు లీటరుకు 10 చొప్పున రెండు పొరలకు 13.5, వృథా కలిపి 16 లీటర్లు. పైన రక్షణ పూత రెండు పొరలకు మరో 13.5. ప్లాస్టరు లేని గరుకు ఇటుక గోడయితే ఇదంతా దాదాపు రెట్టింపు. కొటేషన్‌లో ఇందులో సగం కనబడితే రంగు నీళ్లు కలిపి వేస్తారనో, రెండో పొర వేయరనో అర్థం.

రంగు నూటికి నూరు శాతం యాక్రిలిక్ ఎమల్షన్ అని డబ్బా మీద ఉండాలి. ఎండలో నిలిచే వర్ణాలు కొన్నే: మట్టి ఎరుపు, మట్టి పసుపు, గోధుమ లాంటి ఇనుప ఆక్సైడ్ రంగులు, థాలో అనే కృత్రిమ వర్ణకాల నీలం, ఆకుపచ్చ. మెరిసే గులాబీ, నియాన్ రంగులు ఎండ పడే గోడ మీద ముందుగా వెలిసిపోతాయి. డిజైన్ కంప్యూటర్ తెర మీద మెరిసిపోతూ ఉంటే, ఏ రంగులు నియాన్‌వో అడిగి వాటిని మార్పించండి.

గుడ్డ మీద వేసి అంటించే పద్ధతి కూడా ఉంది. ఫిలడెల్ఫియాలో దీన్ని బాగా వాడతారు. నేయని పల్చటి పాలియెస్టర్ గుడ్డను 5 అడుగుల చదరాలుగా కోసి, గీతలు గీసి, ఏ గడిలో ఏ రంగో అంకెలు వేసి ఇస్తే, పిల్లలూ ముసలివాళ్లూ ఖైదీలూ కూడా నీడపట్టున కూర్చుని వేయగలరు. తర్వాత యాక్రిలిక్ జెల్‌తో గోడకు అంటిస్తారు. పరంజా ఎక్కలేని వందమందికి బొమ్మలో చెయ్యి దొరుకుతుంది, ఇది చిన్న విషయం కాదు. తను వేసిన గడి గోడ మీద ఎక్కడుందో వేలు పెట్టి చూపించగల కుర్రాడు దాని మీద గీకడు, గీకేవాణ్ని చూస్తూ ఊరుకోడు. అంటించేటప్పుడు జెల్ గోడకూ గుడ్డ వెనకా రెండింటికీ పూసి, మధ్యలోంచి అంచులకు గట్టిగా లాగాలి. గాలి బుడగ మిగిలితే ఎండకు ఉబ్బి అక్కడే చిరుగుతుంది. ఒక లోపం: చేతికందే ఎత్తులో గుడ్డ అంచు కనబడితే ఎవరో ఒకరు లాగి చూస్తారు. అందుకని నేల నుంచి 2 మీటర్ల దాకా నేరుగా గోడ మీద రంగు, దాని పైనుంచి గుడ్డ. మా దృష్టిలో ప్యాకేజీ మొత్తంలో డబ్బుకు తగ్గ విలువ ఉన్న భాగం ఇదే.

ఆ 2 మీటర్ల పట్టీ గురించి ఇంకో మాట. పిచ్చిరాతలు దాదాపు అన్నీ పడేది అక్కడే, మనిషి చెయ్యి అందేది అంతవరకే కాబట్టి. అక్కడ ఒక రంగులోంచి మరో రంగులోకి కరిగిపోయే నాజూకు పనితనం పెడితే, ఒక్క గీత చెరపడానికి అసలు చిత్రకారుణ్నే పిలవాలి. దానికి బదులు మూడు నాలుగు చదును రంగులతో, గట్టి అంచులున్న ఆకారాలు పెద్దవిగా పెట్టించండి. అప్పుడు రోలరు పట్టుకోవడం వచ్చిన ఎవరైనా పావుగంటలో సరిచేస్తారు. అలాగని మొత్తం ఒకే లేత రంగు వదిలేయకూడదు, అది రాసేవాడికి పలకలా కనిపిస్తుంది. పనితనమంతా పైకి.

దుకాణాల షట్టర్ల మీద బొమ్మలు వేసే పని విడిగా అమ్ముతారు. 2011 అల్లర్ల తర్వాత లండన్‌లోని వులిచ్‌లో దుకాణాల షట్టర్ల మీద పసిపిల్లల ముఖాలు వేశారు. షట్టరు దించేది దుకాణం మూశాకే గనక బొమ్మ సరిగ్గా వీధి ఖాళీ అయ్యే వేళకు కనబడుతుంది. ఆ తర్కం వరకు బాగుంది. పని మాత్రం గోడ కంటే కష్టం. జింకు పూత ఉన్న ఇనుము మీద నూనె మరక కొంచెం మిగిలినా రంగు పొరలుపొరలుగా లేస్తుంది. ముందు జిడ్డు తీసే ద్రావణంతో తుడిచి, జింకుకు సరిపడే ఎచ్ ప్రైమర్ (నున్నటి లోహాన్ని కొరికి పట్టుకునే అడుగు పూత) వేయాలి. రంగు పల్చగా, పొర మీద పొరగా. మందంగా వేస్తే పట్టీలు చుట్టుకునేటప్పుడు ఒకదానికొకటి రాసుకుని చారలు పడతాయి. రెండు పక్కలా ఉండే గాడుల్లో రంగు చుక్క కూడా పడకూడదు, పడితే షట్టరు ఇరుక్కుంటుంది. వేశాక ఒక పూర్తి రోజు షట్టరు ఎత్తకుండా ఉండటానికి దుకాణదారు ముందే ఒప్పుకోవాలి. ఒప్పుకోని దుకాణం షట్టరు మీద వేసినా నెలలో పాడవుతుంది.

రక్షణ పూతలు రెండు రకాలు, కొటేషన్‌లో ఏదో రాయించుకోండి. మైనం రకం ఒకసారికే పనికొస్తుంది: రాత పడితే వేడినీళ్ల ప్రెషర్ వాషర్‌తో రాతతో పాటు మైనమూ పోతుంది, మళ్లీ పూయాలి. గోడ ఊపిరి పీల్చుకోనిస్తుంది, చెమ్మ గోడలకు ఇదే నయం. రెండో రకం పాలీయురేథేన్, రెండు డబ్బాలు కలిపి వాడేది. ద్రావణంతో చాలాసార్లు తుడిచినా నిలుస్తుంది. అందులో అలిఫాటిక్ అన్నది చూసుకోవాలి, ఆరోమాటిక్ రకం ఎండకు పసుపెక్కి నీలాన్ని ఆకుపచ్చ చేస్తుంది. చెమ్మ ఉన్న గోడకు దీన్ని వేస్తే లోపలి నీరు బయటికి రాలేక పొక్కులు కడుతుంది, బొమ్మతో సహా ఊడుతుంది. ఏ రకమైనా బొమ్మ రంగు ఆరాక రెండు వారాలు ఆగి వేయాలి. తొందరపడితే పాలపొరలా తెల్లబడుతుంది, అది మళ్లీ పోదు. పాలీయురేథేన్ కింద ఒక పారదర్శక యాక్రిలిక్ పొర అడ్డుగా ఉండాలి, లేకపోతే తర్వాత తుడిచే ద్రావణం కింది బొమ్మనే కరిగిస్తుంది. ప్రారంభోత్సవం తేదీ ముందే ఖరారైన ప్రాజెక్టుల్లో ఎగిరిపోయేది ఈ రెండు వారాలే.

బొమ్మ ముందు మొక్కలు, బల్లలు, శిల్పాలు పెడతామంటే ఎత్తు అడగండి. పొదలు రెండడుగులు దాటకూడదు, చెట్ల కొమ్మలు ఆరడుగుల కింద ఉండకూడదు. ఆ మధ్యలో చూపు అడ్డం లేకుండా సాగాలి. మనిషి దాక్కోగలిగినంత వెడల్పున్న శిల్పం మలుపు దగ్గర పెట్టారంటే నేరానికి గది కట్టించినట్టే.

సమావేశాల పద్దు చాలా కొటేషన్లలో ఒక్కటే సమావేశం, అది కూడా డిజైన్ అయిపోయాక. కనీసం మూడు కావాలి: ఎక్కడెక్కడ భయం వేస్తుందో వీధివాళ్లు మ్యాపు మీద చుక్కలు పెట్టేది, చిత్తు బొమ్మలు చూసేది, నిర్వహణ ఎవరిదో తేల్చేది. మొదటి దానికి రాత్రి డ్యూటీల వాళ్లూ ఆడవాళ్లూ రాగలిగే వేళ పెట్టాలి. ముఠా కొట్లాటల్లో చనిపోయినవాళ్ల ముఖాలు వేయమని ఎవరో తప్పక అడుగుతారు. దుఃఖం నిజమే, కానీ ఆ గోడ ఒక పక్షపు జెండా అవుతుంది, రెండో పక్షం దాని మీదికే వస్తుంది. గోడ యజమాని రాతపూర్వక అనుమతిలో ఎన్నేళ్లో, అమ్మితే ఏమవుతుందో ఉండాలి. పేట అందంగా మారి అద్దెలు పెరిగితే అక్కడివాళ్లే వెళ్లిపోవాల్సి వస్తుందన్న అనుమానం ఎవరైనా లేవనెత్తితే కొట్టిపారేయకండి.

ఫలితం శాతాల్లో హామీ ఇచ్చే వాక్యం కొటేషన్‌లో కనబడితే కొట్టేయండి. ఏడాదికి ఆరు దొంగతనాలు జరిగే వీధిలో మూడు జరిగితే సగం తగ్గినట్టు కనబడుతుంది, కానీ అది ఊరికే అయినదీ కావచ్చు. పైగా బొమ్మ కోసం వీధిని ఎంచుకునేది పరిస్థితి మరీ చెడ్డప్పుడే. ఏమీ చేయకపోయినా తర్వాతి ఏడాది కొంత తగ్గడం మామూలే. ముందు రెండేళ్లు, తర్వాత రెండేళ్లు, అదే తీరున్న మరో వీధి, ఆనుకుని ఉన్న సందులు, ఈ నాలుగూ కలిపి చూస్తేనే ఏమైనా తెలుస్తుంది. ఫిర్యాదుల లెక్కతో పాటు సాయంత్రం ఏడింటికి గోడ ముందు ఎంతమంది నడుస్తున్నారో, ఎంతమంది ఆగి కూర్చుంటున్నారో వారానికోసారి లెక్కపెట్టండి. అది ముందుగా మారుతుంది.

చివరిగా ఆ ఏడో పద్దు. ఇలా రాయించుకోండి: రాత పడిందని ఫోను వచ్చిన 48 గంటల్లో తీయడం, ఏడాదికి ఒకసారి కడగడం, అంచులు, బీటలు చూసి సరిచేయడం, బిల్లులో అయిదో వంతు పన్నెండో నెల తనిఖీ అయ్యాకే ఇవ్వడం. పని అయిపోయిన రోజే వాడిన ప్రతి రంగూ అర లీటరు చొప్పున మూత బిగించిన డబ్బాల్లో మీ చేతికి రావాలి. డబ్బా మీద కంపెనీ, రంగు కోడ్, కలిపిన పాళ్లు, గోడ మీద ఎక్కడ వాడారో రాసి ఉండాలి. వాటిని ఎండ, గడ్డకట్టే చలి తగలని చోట, తాళం చెవి వీధిలో ఇద్దరి దగ్గరైనా ఉండేలా పెట్టండి. వాడే ముందు మూత తీసి వాసన చూడండి. కుళ్లు వాసన వస్తే పారేసి, కోడ్ చూపించి కొత్తది కలిపించుకోవాలి. వెలిసిన గోడ మీద కొత్త రంగు కాస్త ముదురుగా కనబడుతుంది. మరక ఉన్నంత మేరే కాకుండా ఆ ఆకారం అంచు నుంచి అంచు దాకా వేస్తే తేడా తెలియదు.